నలభై, ముప్పై కలిస్తే యాభై ఏడు

చిన్నీ, బాబ్జీ,

మీరిద్దరూ ఫోన్ లాక్కుంటూ అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. పక్కింటి అన్నయ్యకు వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో కాలికి 40 శాతం, చెవికి 30 శాతం అని రాసి, మొత్తం దగ్గర 57 వేశారట. "డాక్టర్లకు కూడికలు రావా తాతయ్యా?" అన్నాడు బాబ్జీ. వచ్చురా. కాకపోతే అది మీ బళ్లో చెప్పే కూడిక కాదు.

తొంభై సెంట్ల చేను ఒకటి ఉందనుకోండి. గాలివానకు 40 సెంట్ల పైరు పడిపోయింది. మర్నాడు మేకలు పడ్డాయి. చేనంతా నిలబడి ఉంటే ఆ మంద 30 సెంట్లు, అంటే మూడో వంతు మేసేసేది. ఇప్పుడు నిలబడి ఉన్నది 50 సెంట్లే కదా! అందులో మూడో వంతంటే దాదాపు 17. నలభైకి అది కలిపితే 57. మేకలు పడిపోయిన పైరు కూడా తింటాయిగా అంటాడు బాబ్జీ, నాకు తెలుసు. బురదలో కుళ్లిపోయిందనుకోరా, తినవు.

2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో లెక్క ఇదే. పెద్ద లోటు గాలివాన, చిన్న లోటు మేకలు. 90లోంచి పెద్ద అంకె తీసేసి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి, 90తో భాగించి, వచ్చింది పెద్ద అంకెకు కలుపుతారు. మూడో లోటు కూడా ఉంటే పందులు పడ్డాయనుకోండి. ఎన్ని పడినా చేను 90 సెంట్లే, పెద్ద లోటు ఒక్కటే తొంభై దాటితే తప్ప లెక్క తొంభై దాటదు. మరి వందకు తక్కువైన ఆ పది సెంట్లు ఏమయ్యాయంటే, గట్ల కింద పోయాయనుకుందాం. నా చేను అంతవరకే వస్తుంది, ఇంక లాగను.

కూడిక ఇలా వంకర తిరగడం నేను చిన్నప్పుడే చూశాను. మా ఊరి రైస్ మిల్లులో బెల్టు పడి ఒకాయన బొటనవేలు పోయింది. పరిహారం లెక్క కోసం గుమస్తా ఒక పుస్తకం తెచ్చి అరుగు మీద కూర్చుని పైకి చదువుతున్నాడు. కార్మికుల పరిహార చట్టం, 1923 నాటిది. దాని చివర ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడువేలు పూర్తిగా పోతే 14, మధ్యవేలు 12, ఉంగరం వేలు 7, చిటికెన వేలు 7. మేం పిల్లలం చుట్టూ చేరి మా వేళ్లకు ధరలు కట్టుకుంటున్నాం. ఆ నాలుగు వేళ్లూ కలిపితే 40 అవుతుందా? పుస్తకంలో మాత్రం ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50 అని ఉంది! ఒక్క వేలు పోతే పక్కవి ఆ పని అందుకుంటాయి, నాలుగూ పోతే అందుకునేది ఏముంది? ఆ పక్కనే ఆయన కట్టు కట్టిన చేత్తో కూర్చుని ఉన్నాడు. మా నవ్వులు చూసి మా అమ్మమ్మ జుట్టు పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. మీరు మాత్రం ఆ అన్నయ్యను "ఎంత పర్సెంట్" అని పిలిచారంటే నేనే బయల్దేరి వస్తాను.

ఇక పింఛను సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఏడే ఉండేవి. మన దగ్గర పింఛనుకు గీత 40 శాతం దగ్గర ఉంది. ముప్పై తొమ్మిది వచ్చినవాళ్లకు కొంచెం తగ్గించి ఇవ్వరు, అసలు రాదు. ఈ పద్ధతి నాకు నచ్చదు గానీ, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదంటారు. డాక్టర్లు వేసిన లెక్క సరికాదనుకుంటే అప్పీలు చేసుకునే హక్కు అదే చట్టంలో ఉంది, అది చాలామందికి తెలియదు. దొంగ లెక్కతో లాభం పొందితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

డబ్బు గురించీ ఆ చట్టం ఒక మాట చెప్పింది. పింఛను లాంటి పథకాల్లో మిగతావాళ్లకు ఇచ్చేదానికంటే వికలాంగులకు కనీసం నాలుగో వంతు ఎక్కువ ఉండాలట. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధులకు నెలకు 4,000, వికలాంగులకు 6,000. మంచం మీదే ఉండిపోయినవాళ్లకు 15,000. నాలుగు వేలకు నాలుగో వంతు కలిపి చూడు చిన్నీ, చట్టం అడిగినదానికంటే ఎంత ఎక్కువ ఇస్తున్నారో నీకే తెలుస్తుంది.

కళ్లూ చెవుల లెక్కలు ఇంకో రకం. చెవుల్లో బాగా వినిపించేదాని లోటుకు ఐదు వంతులు, వినిపించనిదాని లోటుకు ఒక వంతు ఇచ్చి, కలిపి ఆరుతో భాగిస్తారు. అంటే ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే పదిహేడు శాతానికి లోపే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే 30. రెండూ గీతకు ఇవతలే ఆగిపోయాయి. పోయినదాన్ని కాదు, మిగిలినదాన్ని చూసి వేసే లెక్క ఇది.

ముప్పై ఎక్కువా తక్కువా అని నన్ను అడగకండి. ఆదివారం పొద్దున ఒక కంటికి రుమాలు కట్టుకోండి. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని సూదిలో దారం ఎక్కించండి. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయండి, బంతి విసిరి పట్టుకోండి. సాయంత్రం దాకా అలాగే ఉండి, మీరైతే ఎంత శాతం వేస్తారో ఒకరికొకరు చూపించుకోకుండా విడివిడిగా నాకు రాసి పంపండి.

మీ తాతయ్య