స్టెమ్ సెల్ ఇంజెక్షన్ కోసం ఫిజియో ఆపేస్తున్నారా?

"మేడమ్, స్టెమ్ సెల్స్ వేయిస్తే నాన్న మళ్లీ నడుస్తారంట కదా?" పక్షవాతం పేషెంట్లకి ఫిజియో చేయించే నాకు వారానికి ఒక్కసారైనా ఈ ప్రశ్న తప్పదు. స్టెమ్ సెల్స్ అంటే రకరకాల కణాలుగా మారగలిగే మూలకణాలు. అడిగినవాళ్ల మీద కోపం రాదు. నిన్నటిదాకా బండి నడిపిన మనిషికి ఇవాళ అన్నం కలిపి పెట్టాల్సి వస్తే ఇంట్లోవాళ్లు తట్టని తలుపు ఉండదు. కోపమంతా వాళ్ల వాట్సాప్‌కి వీడియోలు పంపేవాళ్ల మీదే.

అపోహ: "మా బంధువులకి పని చేసింది."

జనం లక్షలు పోగొట్టుకునేది ఈ మాటతోనే. స్ట్రోక్ వచ్చాక మొదటి మూడు నెలల్లో ఎవరైనా ఎక్కువగా కోలుకుంటారు. సరిగ్గా అప్పుడే సూది వేసి, ప్యాకేజీలో రోజూ ఫిజియో కూడా కలుపుతారు. చెయ్యి కదిలితే పేరు మాత్రం సూదికి.

ఎయిమ్స్ డాక్టర్లు దీన్ని పరీక్షించి చూశారు. మన దేశంలోనే ఐదు ఆసుపత్రులు, 120 మంది పేషెంట్లు. సగం మందికి వాళ్ల ఎముక మజ్జ నుంచే తీసిన స్టెమ్ సెల్స్ రక్తనాళంలోకి ఎక్కించారు, మిగతావాళ్లకి ఎక్కించలేదు. ఫలితాలు 2014లో వచ్చాయి. తినడం, స్నానం, నడక లాంటి రోజువారీ పనులు సొంతంగా ఎంత చేసుకోగలరో నూటికి వేసే మార్కుల్ని బార్తెల్ స్కోరు అంటాం. ఆరు నెలలకి అది కణాలు ఎక్కించినవాళ్లకి 63.1, ఎక్కించనివాళ్లకి 63.6. ఆ రెండో గుంపులోవాళ్లు డబ్బు కట్టి బయట సూది వేయించుకుని ఉంటే, ఈపాటికి మీకొచ్చే వీడియోలో వాళ్లే మాట్లాడుతుండేవారు.

నా దగ్గరికి ఒక రైతు వచ్చేవాడు. మూడో వారానికి వేళ్లు ముడవగలిగాడు. అంతలో కొడుకు అరెకరం అమ్మాడు. "ఇంజెక్షన్ అయ్యాక వస్తాం మేడమ్, ఈలోగా నాన్నని కష్టపెట్టడం ఎందుకు" అన్నాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. రెండు నెలల తర్వాత వచ్చేసరికి భుజం బిగుసుకుపోయింది, పిడికిలి తెరుచుకోవడం లేదు. లోపల గోళ్లు పెరిగి అరచేతిలో పుండు. ముందు ఆ పుండు మాన్పుకోవడానికే రెండు వారాలు పట్టింది. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటాడు. చొక్కా గుండీలు మాత్రం వాళ్లావిడే పెడుతుంది.

అపోహ: "ఆ కణాలు మెదడులో కొత్త నరాలుగా మారతాయి."

మజ్జ కణాలు అలా మారవు. వాపు తగ్గించి, మిగిలిన కణాలకి సాయపడతాయేమోనన్నదే శాస్త్రవేత్తల ఆశ. పరిశోధన ఆగలేదు. జపాన్‌లో 206 మందితో చేసిన ట్రయల్‌లో, అంటే పేషెంట్ల మీద చేసే పరీక్షలో, మాత్రం ప్రధాన లక్ష్యం నెరవేరలేదు.

అపోహ: "పని చేయకపోయినా నష్టం లేదు."

2009లో స్ట్రోక్ వచ్చిన ఒక అమెరికన్ చైనా, అర్జెంటీనా, మెక్సికో తిరిగి ఈ ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. వెన్నులో గడ్డ పెరిగింది. అందులో ఉన్నవి ఆయన కణాలు కూడా కావు.

"ఆరు నెలలు దాటితే కదలిక ఇక రాదు" అన్నదీ తప్పే, నెమ్మదిగానైనా వస్తుంది.

స్ట్రోక్‌కి స్టెమ్ సెల్స్ అనుమతి ఉన్న ట్రయల్‌లోనే వాడాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవరైనా ట్రయల్ అంటే సీటీఆర్ఐ నంబరు అడగండి, అది మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ. కణాలకి మీ దగ్గర డబ్బు అడిగారంటే లేచి వచ్చేయండి, వస్తూ వస్తూ ఆ రోజు ఎక్సర్‌సైజులు మాత్రం మానకండి.