హెర్నియా ఆపరేషన్‌కి నడుముకి మత్తా, లోకలా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. హార్బర్‌లో బరువులు మోసేవాళ్లయినా, స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దవాళ్లయినా, గజ్జల్లో హెర్నియాతో (పొట్ట గోడ బలహీనపడ్డ చోట లోపలి భాగం సంచిలా బయటికి ఉబ్బడం) వచ్చేవాళ్లకి ఆపరేషన్ కంటే మత్తు గురించే ఎక్కువ టెన్షన్. నడుముకి మత్తంటే వెన్నులో సూది వేసి నడుము కింద భాగమంతా తిమ్మిరెక్కించడం, లోకల్ అంటే కోసే చోట మాత్రమే.

అపోహ: నడుముకి సూది వేస్తే జీవితాంతం నడుం నొప్పి.

వాస్తవం: కాదండీ. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే అయిపోతుంది, మేం సన్నటి సూది వేసేది దానికి కింద. సూది దిగిన చోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చు, అంతే. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి కారణం వేరే వెతకాలి. కొద్దిమందికి మాత్రం ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి మొదలవుతుంది, కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. అలా వస్తే ఇంట్లో ఓర్చుకోవద్దు, వచ్చి చెప్పండి, దానికి వైద్యం ఉంది.

అపోహ: లోకల్ పన్ను పీకడానికి సరిపోతుంది గానీ హెర్నియాకి చాలదు.

వాస్తవం: కెనడాలో హెర్నియాలకే పేరుపడ్డ షోల్డైస్ ఆసుపత్రిలో ఎక్కువ ఆపరేషన్లు లోకల్‌తోనే చేస్తారు. గజ్జల్లోని నరాల చుట్టూ, కోసే చోటా మందు ఎక్కిస్తే కోత నొప్పి తెలియదు. లోపలి సంచిని లాగినప్పుడు గుంజినట్టు అనిపిస్తుంది, చెబితే అక్కడ ఇంకొంచెం మందు వేస్తారు. అయితే ఇది సర్జన్ చెయ్యి అలవాటు మీద చాలా ఆధారపడుతుంది. లోపలికి వెళ్లని పెద్ద హెర్నియా, బాగా లావైన ఒళ్లు, మెలకువగా ఉండాలంటేనే వణికిపోయే మనిషి అయితే లోకల్ పట్టు పట్టకూడదు. లాపరోస్కోపీకి (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) సాధారణంగా పూర్తి మత్తే.

అపోహ: వయసు పైబడితే నడుముకి మత్తే సేఫ్.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. ప్రోస్టేట్ వాపుతో ముక్కి ముక్కి మూత్రం పోసే పెద్దాయనకి హెర్నియా కూడా ఉండటం మామూలే, అలాంటాయనకి నడుముకి మత్తిస్తే మూత్రాశయం కూడా తిమ్మిరెక్కి, ఆపరేషన్ బాగా జరిగినా రాత్రికి మూత్రం బిగుసుకుపోయి గొట్టం వేయాల్సి రావచ్చు. బీపీ పడిపోవడం ఇంకో ఇబ్బంది, గుండె కవాటం దారి బాగా ఇరుకైనవాళ్లకి అది ప్రమాదం. లోకల్‌లో ఈ రెండూ చాలా తక్కువ, పైగా తొందరగా లేచి నడుస్తారు. 2018 అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు కూడా 65 దాటినవాళ్లకి నడుముకి మత్తు కంటే లోకల్ గానీ పూర్తి మత్తు గానీ మేలనే సూచిస్తున్నాయి. అందుకే మీ నాన్నగారికి మూత్రం సరిగా రావట్లేదన్న సంగతి సిగ్గుపడకుండా ముందే చెప్పండి.

అపోహ: లోకలే కదా, ఇడ్లీ తినేసి రావచ్చు.

వాస్తవం: వద్దు. మధ్యలో పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు, కాబట్టి ఆరు గంటల ముందు నుంచి తిండి మానాలి.

అపోహ: రక్తం పలచబడే మాత్రలు ఎలాగూ ఆపేయాలి.

వాస్తవం: నడుముకి మత్తయితే వెన్ను దగ్గర రక్తం కారి గడ్డలా పేరుకునే భయం ఉంది కాబట్టి కొన్నింటిని ముందే ఆపుతాం, లోకల్‌కి ఒక్కోసారి ఆపక్కర్లేదు. స్టెంట్ వేయించుకున్నవాళ్లు సొంతంగా ఆపేస్తే గుండెకే ముప్పు. చీటీలన్నీ పట్టుకొచ్చి మాకు చూపించండి, ఏది ఆపాలో ఎన్నాళ్లు ఆపాలో గుండె డాక్టరుతో మాట్లాడి మేమే చెప్తాం.