షుగర్ ఉన్నవాళ్ళకు కాళ్ళూ చేతులూ కొంకర్లు పోవడం: అపోహలు - వాస్తవాలు

షుగర్ ఓపీలో రోజూ వినే మాటలివి. "అర్ధరాత్రి పిక్క పట్టేసిందండీ, ప్రాణం పోయినంత పనైంది." "కాళ్ళు ఒకటే గుంజుతున్నయ్ సార్, నిద్ర లేదు." "వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, చపాతీ పిండి కలపలేకపోతున్నా." ఈ బాధను నేను తేలిగ్గా తీసుకోను. అయితే చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే ఎవరో చెప్పిన వైద్యం ఒకటి చేసేసుకుని ఉంటారు. అందులో కొన్ని దండగ, కొన్ని నిజంగా ప్రమాదం.

షుగర్ ఉన్న మనిషికి కాలు పట్టేయడానికి కారణాలు అరడజను పైనే ఉంటాయి. ఏ వేళలో పడుతోంది, ఏం చేస్తుంటే పడుతోంది, ఏం చేస్తే వదులుతోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే కారణం చాలావరకు తేలిపోతుంది. అది తేలకముందే మందు మింగడం దగ్గరే తేడా వస్తోంది.

అపోహ: పిక్కలు పడుతున్నాయంటే పొటాషియం తగ్గినట్టే. రోజూ అరటిపండు, కొబ్బరినీళ్ళు తీసుకుంటే పోతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే సలహా ఇదే. పొటాషియం తగ్గితే కండరాలు పట్టేస్తాయన్నది నిజమే. కానీ రక్తపరీక్ష చేయిస్తే, కొంకర్లతో వచ్చేవాళ్ళలో చాలామందికి పొటాషియం మామూలుగానే ఉంటుంది. షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళలో కొందరికి కిడ్నీలు దెబ్బతిని ఉంటాయి. ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపాల్సింది ఆ కిడ్నీలే. దానికి తోడు బీపీకి, కిడ్నీల రక్షణకు ఇచ్చే టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్రలు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి. అలాంటి మనిషి రోజుకు రెండు బోండాలు తాగితే రక్తంలో పొటాషియం పెరిగి గుండె కొట్టుకోవడమే గతి తప్పవచ్చు. అది పెరుగుతున్నట్టు ముందుగా ఏమీ తెలియకపోవచ్చు కూడా. పైగా ఒక మామూలు సైజు అరటిపండులో పాతిక గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం పరీక్షలు చేయించాకే బోండం సంగతి ఆలోచించండి.

నిజంగానే పొటాషియం, సోడియం తగ్గినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళలో చాలాసార్లు కారణం మందుల సంచీలోనే దొరుకుతుంది. మీ బీపీ మాత్ర పేరు చివర "హెచ్" అనో "సీటీ" అనో ఉందేమో చూడండి. హెచ్ అంటే సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్, సీటీ అంటే క్లోర్‌థాలిడోన్. రెండూ మూత్రం ద్వారా నీటినీ లవణాలనీ బయటికి పంపే మందులే. వాటికి తోడు షుగర్ కోసం డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వాడుతూ, మే నెల ఎండలో పొలంలోనో బండి మీదో తిరిగితే ఒంట్లో నీరు ఇంకా తగ్గుతుంది. షుగర్ 300 దాటి, రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నవాళ్ళ సంగతీ అంతే. ఇక్కడ మందు మార్చడం, షుగర్ అదుపు చేయడమే వైద్యం. మీ అంతట మీరు మాత్ర ఆపకండి. స్ట్రిప్ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి.

అపోహ: నీరసంగా ఉండి కాళ్ళు పట్టేస్తే ఓఆర్ఎస్ డ్రింక్ తాగాలి.

విరేచనాలు, వాంతులు, వడదెబ్బ అయితే ఓఆర్ఎస్ కావాలి, షుగర్ ఉన్నా కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే. కానీ ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని టెట్రా ప్యాకెట్లలో అమ్మిన తీపి పానీయాల్లో చక్కెర దానికి చాలా రెట్లు ఉండేది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరు అలా వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పేరు మారినా డబ్బాలో తీపి ఉండవచ్చు, వెనక వైపు చదివి కొనండి. మామూలు రోజుల్లో కొంకర్లకు మంచినీళ్ళు చాలు. కిడ్నీ, గుండె జబ్బుల వల్ల నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు మాత్రం ఆ కొలత దాటవద్దు.

అపోహ: ఇదంతా నరాల బలహీనత. వారానికో బలం ఇంజక్షన్ వేయించుకుంటే సరి.

షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం నిజం, దానివల్ల కొంకర్లు రావడమూ నిజం. ఆ నరాల జబ్బుకు దానివైన లక్షణాలు కూడా ఉంటాయి. అరికాళ్ళు మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం. అవి ఉంటే సన్నటి నైలాన్ తీగతో, ట్యూనింగ్ ఫోర్కుతో పాదాలు పరీక్షిస్తాం. కొద్ది నిమిషాల పని. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఏడాదికి ఒకసారైనా చేయించుకోవాల్సిన పరీక్ష ఇది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళలో, ముఖ్యంగా శాకాహారుల్లో, బీ12 తగ్గే అవకాశం ఉంది. బీ12 పరీక్ష చేయించి, తక్కువుంటే వేసుకోండి, అప్పుడు ఉపయోగం ఉంటుంది. మామూలుగా ఉన్నవాళ్ళకు ఆ ఎర్రటి బీ12 ఇంజక్షన్ ఎన్ని వారాలు పొడిచినా పిక్క పట్టడం ఆగదు.

ఆ ఇంజక్షన్ల సందడిలో మరుగున పడిపోయే జబ్బు ఒకటుంది. సందు చివరిదాకా నడిచేసరికి పిక్క పట్టేస్తుంది, కాసేపు నిలబడితే పోతుంది, మళ్ళీ నడిస్తే దాదాపు అంతే దూరంలో మళ్ళీ పడుతుంది. ఇది రాత్రిపూట వచ్చే కొంకరు కాదు. కాలికి రక్తం తీసుకెళ్ళే ధమనులు ఇరుకైనప్పుడు ఇలా ఉంటుంది. చీలమండ దగ్గర బీపీ, చేతి బీపీ కొలిచి పోల్చితే చాలామందిలో తెలిసిపోతుంది. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్ళు ఈ లక్షణం కనబడితే ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి. ఇలాంటి కాలికి చిన్న పుండు పడినా మానదు.

అపోహ: వేడి కాపడం ఎంత ఎక్కువైతే అంత మంచిది.

ఒక పెద్దాయన మడమ పక్కన అరచేయంత బొబ్బతో వచ్చారు. ఎప్పుడైందంటే తెలియదన్నారు. పొద్దున వాళ్ళమ్మాయి మేజోడు విప్పితే కనబడిందట. రాత్రి పిక్క పట్టేసిందని వేడినీళ్ళ బ్యాగు కాలి దగ్గర పెట్టుకుని అలాగే నిద్రపోయారు. స్పర్శ తగ్గిన పాదానికి కాలుతున్నట్టు తెలియదు. ఆ బొబ్బ మానడానికి నెలలు పట్టింది. హీటింగ్ ప్యాడ్, ఉప్పు వేసిన వేడినీళ్ళ బకెట్, కాల్చిన ఇటుకకు గుడ్డ చుట్టి పెట్టడం, ఏదైనా ఇదే ప్రమాదం. గోరువెచ్చటి నీళ్ళు చాలు. ఆ వేడిని షుగర్ లేని మనిషి మోచేత్తో చూసి చెప్పాలి. పాదాలు మొద్దుబారి ఉంటే కాళ్ళ దగ్గర కాపడమే వద్దు.

మరి పట్టేసిన ఆ క్షణంలో ఏం చేయాలి? మోకాలు చాపి, కాలివేళ్ళను మీ వైపుకి మెల్లగా లాక్కోండి. వంగలేకపోతే తువ్వాలు పాదానికి అడ్డంగా వేసి రెండు కొసలూ లాగండి. వదిలేదాకా అలాగే ఉంచి, తర్వాత పిక్కను పైకి నిమరండి. ఇక రాత్రి పడుకునే ముందు గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకు ఆనేలా ముందుకు వంగాలి. అర నిమిషం, రెండు కాళ్ళకూ మూడేసి సార్లు. నెదర్లాండ్స్‌లో 55 ఏళ్ళు దాటినవాళ్ళతో ఇలా ఆరు వారాలు సాగదీసే వ్యాయామం చేయించి చూసి, రాత్రి కొంకర్లు తగ్గాయని 2012లో ప్రచురించారు. ఖర్చు లేదు, మందులతో పేచీ లేదు. నేను మొదట చెప్పేది ఇదే. దుప్పటి పాదాల దగ్గర బిగించి దోపకండి, వేళ్ళు కిందికి వంగి పిక్క పట్టేస్తుంది.

ఒక్క కాలే వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి పిక్క నొక్కితే నొప్పి పుడుతుంటే మాత్రం నిమరవద్దు. రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అపోహ: మెగ్నీషియం బిళ్ళ, లేకపోతే మలేరియా మందు క్వినైన్ వేసుకుంటే చాలు.

మెగ్నీషియం తగ్గినవాళ్ళకు ఇస్తాం. కారణం తెలియని కొంకర్లతో బాధపడే పెద్దవయసువాళ్ళకు దానివల్ల పెద్దగా ఉపయోగం లేదని 2020 నాటి కొక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) తేల్చింది. క్వినైన్ రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించవచ్చు, షుగర్‌ను ఉన్నట్టుండి పడేయవచ్చు. కాళ్ళ కొంకర్లకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో కూడా హెచ్చరించింది.

అపోహ: ఇన్సులిన్ మొదలుపెట్టాకే నొప్పులు ఎక్కువయ్యాయి, కాబట్టి ఆపేయాలి.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 12 ఉన్నది మూడు నెలల్లో 8కి దిగితే, ఆ వేగానికి నరాల నొప్పి కొన్నాళ్ళు పెరగవచ్చు. మందు పడలేదని కాదు. చాలామందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కొలెస్ట్రాల్ మాత్ర మొదలయ్యాక రెండు తొడలూ నొప్పులు పుడితే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయా అని చెప్పే రక్తపరీక్ష), థైరాయిడ్ పరీక్షలు చూసి మోతాదో మాత్రో మారుస్తాం.

అపోహ: చేతి కొంకర్లూ కాలి కొంకర్లలాంటివే.

చాలాసార్లు కావు. నమస్కారం పెట్టి చూడండి. రెండు అరచేతులూ ఆనించినా వేళ్ళ మధ్య సందు మిగిలిపోతుంటే, షుగర్ వల్ల కీళ్ళ చుట్టూ ఉన్న చర్మం, కణజాలం బిగుసుకుంటున్నట్టు. పొద్దున లేచేసరికి ఒక వేలు మడతపడి, లాగితే టక్కుమని తెరుచుకుంటే అది ట్రిగర్ ఫింగర్. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిపూట తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే హాయిగా ఉంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోంది. ఈ మూడూ షుగర్ ఉన్నవాళ్ళలోనే ఎక్కువ. చివరి రెంటికీ పట్టీ, అవసరమైతే స్టెరాయిడ్ ఇంజక్షన్, చిన్న ఆపరేషన్ ఉన్నాయి. స్టెరాయిడ్ వేయించుకున్నాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది. కాబట్టి ఎముకల డాక్టరుకు మీకు షుగర్ ఉందని ముందే చెప్పి, ఆ వారమంతా పొద్దున, రాత్రి గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ ఆ అంకెలు మాకు పంపండి.