కత్తి పట్టం అన్నవాళ్లు ఒక్కటవ్వడానికి నాలుగొందల ఏళ్లు

క్రైస్తవుడిగా నేను ఎవర్నీ చంపను, యుద్ధానికి రాను అని ఎవరైనా అంటే అది వాళ్ల పర్సనల్ నమ్మకంలే అనుకుంటాం. కానీ హిస్టరీలోకి వెళ్తే ఆ మాట బతికింది సంఘాల వల్ల, ఆ సంఘాలు ఒకదానికొకటి తోడవ్వడం వల్ల.

మొదట్లో ఇదేం వింత కాదు. 295లో ఉత్తర ఆఫ్రికాలో మాక్సిమిలియన్ అనే 21 ఏళ్ల కుర్రాడు నేను క్రైస్తవుణ్ణి, సైన్యంలో చేరనన్నాడు, తల తీసేశారు. ఆ తర్వాత రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలంలో చర్చి, రాజ్యం దగ్గరయ్యాక ఈ మాట పలచబడిపోయింది.

మళ్లీ గట్టిగా వినిపించింది 1525లో, జ్యూరిచ్‌లో. అక్కడ కొందరు పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు, అందుకే వాళ్లని అనబాప్టిస్టులు అన్నారు, రెండేళ్లకే ష్లైట్‌హైమ్ అనే ఊళ్లో కూర్చుని కత్తి మాకొద్దని రాసుకున్నారు. అయితే అందరూ ఆ మాట మీద ఉండలేదు, 1534లో మ్యూన్‌స్టర్ పట్టణాన్ని ఆయుధాలతో ఏలింది కూడా అనబాప్టిస్టులే, అది దాచి ఈ కథ చెప్పడం తప్పు. ఆ రక్తపాతం తర్వాత చెల్లాచెదురైనవాళ్లని మెనో సైమన్స్ కూడగట్టాడు, వాళ్లే మెనోనైట్లు. తర్వాత ఇంగ్లాండులో క్వేకర్లు, 1708లో జర్మనీలో బ్రెదరెన్ అనే క్రైస్తవ శాఖలు పుట్టాయి. ముగ్గురిదీ ఒకటే మాట, కానీ ఎవరి దారి వాళ్లది.

అలా విడివిడిగా ఉండటం ఎంత ఖరీదైందో 1918లో, మొదటి ప్రపంచ యుద్ధంలో తెలిసింది. అనబాప్టిస్టుల్లోనే ఇంకో శాఖ హటరైట్లు, వాళ్లలో హోఫర్ అన్నదమ్ములు ముగ్గురు అమెరికా సైన్యం యూనిఫాం మేం వేసుకోం అన్నారు. ఆల్కట్రాజ్ జైల్లో చీకటి కొట్లో పడేసి యూనిఫాం పక్కనే పెట్టారు, చలికి వణికారు గానీ దాన్ని ముట్టుకోలేదు. యుద్ధం ఆగిపోయాక కూడా వదల్లేదు, ఇంకో జైలుకి మార్చారు, అక్కడ జోసెఫ్, మైకేల్ చనిపోయారు. జోసెఫ్ భార్య కడసారి చూపుకి వెళ్తే, బతికుండగా వేసుకోనన్న ఆ యూనిఫామే శవానికి తొడిగి ఉంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

వెనకాల ఊరంత సంఘం ఉంది, ప్రార్థించే కుటుంబం ఉంది, కానీ ప్రభుత్వంతో మాట్లాడే బలం ఆ ఒక్క చిన్న గుంపుకి లేదు. అందుకే ఇంకో యుద్ధం వచ్చేలా ఉందని తెలిశాక 1935లో మెనోనైట్లు, క్వేకర్లు, బ్రెదరెన్ కాన్సస్‌లోని న్యూటన్‌లో కలిసి కూర్చున్నారు. బాప్తిస్మం, ఆరాధన లాంటి వాటిలో ముగ్గురికీ బోలెడు తేడాలు, క్వేకర్లకైతే నీటి బాప్తిస్మమే లేదు, అయినా వాటిని పక్కనపెట్టి యుద్ధం వస్తే మన పిల్లల్ని ఎలా కాచుకుందాం అన్నదాని మీద కలిశారు, నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

దాని ఫలితం 1941లో కనిపించింది. సైన్యానికి బదులు పౌరసేవకి ప్రభుత్వం ఒప్పుకుంది, 1947 వరకు దాదాపు 12,000 మంది అలా పనిచేశారు, అడవుల్లో మంటలార్పారు, కోతకి గురైన నేలని బాగుచేశారు. జీతం లేదు, క్యాంపుల తిండి ఖర్చు చాలావరకు చర్చిలే భరించాయి. కొందర్ని మానసిక ఆసుపత్రులకి పంపారు, అక్కడ రోగుల్ని కొట్టడం, కుక్కి పడేయడం కళ్లారా చూసి డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు కూర్చుని రాసి పెట్టుకున్నారు. 1946లో లైఫ్ పత్రిక ఆ ఆసుపత్రుల పరిస్థితిని బయటపెట్టినప్పుడు వాళ్లు రాసినవే సాక్ష్యంగా పనికొచ్చాయి.