గోబ్లిన్లు పులులు కావు

చిన్నోడా,

మొన్న ఆదివారం బెంగళూరు బసవనగుడి ఇంట్లో, మన భోజనాల బల్ల మీద బొమ్మ సైనికులతో, పాచికలతో ఆడే ఆ మిడిల్-ఎర్త్ (లార్డ్ ఆఫ్ ద రింగ్స్ కథల్లోని ఊహాలోకం) యుద్ధం ఆటలో మూడోసారి ఓడిపోయి బొమ్మల్ని డబ్బాలో పడేస్తూ అడిగావు: "తాతయ్యా, చెడ్డవాళ్ళ పక్షం ఎప్పుడూ ఓడిపోవాల్సిందేనా?" నీ కళ్ళల్లో నీళ్ళు చూసి అప్పుడు నాకు మాట రాలేదు. నువ్వు రూల్ పుస్తకం ఇక్కడే మర్చిపోయి వెళ్ళావు. రెండు రాత్రులు కళ్ళజోడు పెట్టుకుని చదివాను. అందుకే ఈ ఉత్తరం. నీతో ఆడే మీ అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ కూడా చదివి వినిపించు.

ఓడిపోవాల్సిన పనేం లేదు. పాచిక మంచివాడా చెడ్డవాడా అని చూసి పడదు. నువ్వు చేసిన తప్పు వేరే. నీ గోబ్లిన్లు రాక్షస మూకలు కదా అని వాటిని పులుల్లా ఆడించావు. అవి పులులు కావు, మేకలు. అవతల తళతళలాడే కత్తి పట్టుకుని నిలబడ్డాడే, మంచి పక్షపు ఎల్ఫ్ జాతి వీరుడు, వాడు పులి.

పులి-మేక ఆట నీకు ఎప్పుడో చూపించాను, గుర్తుందో లేదో. ఇక్కడ కన్నడంలో ఆడు-హులి అంటారు, మద్రాసులో ఆడు పులి ఆట్టం. పులులు 3, మేకలు 15, గీతలు కలిసే చోట్లు 23. పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే పులి ఆ మేకని తినేసినట్టు. మేకలు ఎవర్నీ తినలేవు. పులులు కదలకుండా చుట్టూ కట్టెయ్యడమే వాటి గెలుపు. 15 మేకలూ బోర్డు మీదికి వచ్చేదాకా ఒక్క మేక కూడా కదలకూడదు.

మాది హిందూపురం పక్క పల్లె. ఎండాకాలం సెలవుల్లో గుడి అరుగు మీద బొగ్గుతో గీసుకుని ఆడేవాళ్ళం. గులకరాళ్ళు పులులు, చింతపిక్కలు మేకలు. నేనెప్పుడూ పులులే అడిగేవాణ్ణి. మేకలు కాసుకునే ఒక ముసలాయన మధ్యాహ్నం మందని వేపచెట్ల కింద వదిలి వచ్చి, చెవి మీద బీడీ పెట్టుకుని, నా ఎదురుగా మేకలు ఆడేవాడు. చింతపిక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు పెట్టేవాడు కాదు. నేను తొందరపెడితే, "మేకను సూడద్దురా, మేక యెనకాల సూడు" అనేవాడు. మొదటి మేకలన్నీ అంచు మీదే. అంచున ఉన్న మేక వెనక గీతే ఉండదు, అంచు వెంబడి తప్ప పులి దూకడానికి దారి లేదు. తర్వాత ఆ మేకలకి ఆనించి ఇంకో వరస. నేను రెండు మేకల్ని తిని ఎగిరి గంతులు వేసేవాణ్ణి. ఆయన ఏమీ అనేవాడు కాదు. కాసేపటికి చూస్తే నా మూడు పులులకీ కాలు కదిపే చోటు ఉండేది కాదు. ఒక వేసవంతా ఆడాను, ఒక్కసారి కూడా గెలవలేదు.

ఇప్పుడు నీ ఆటకి వస్తాను. గేమ్స్ వర్క్‌షాప్ అనే ఇంగ్లండు కంపెనీ ఈ మిడిల్-ఎర్త్ ఆటని 2001లో మొదలుపెట్టింది. ఇందులో సైన్యం కూర్చుకునేటప్పుడు ఒక ఎల్ఫ్‌కి అయ్యే పాయింట్లకి నీకు దాదాపు ఇద్దరు గోబ్లిన్లు వస్తారు. నీ బలమంతా అదే. మరి నువ్వేం చేశావు? ఒక్కొక్కణ్ణి పరిగెత్తించి, విడివిడిగా వీరుడి ముందు నిలబెట్టావు. పోరులో పెద్ద అంకె పడినవాడిదే పైచేయి. ఒక్క పాచికతో 6 పడే అవకాశం నూటికి 17. ఆ వీరుడి మూడు పాచికలతో 42. అదే ముగ్గురు గోబ్లిన్లు ముట్టడించి, ఒక్కొక్కడి వెనక ఒక ఈటెవాడు ఆని నిలబడితే నీ చేతిలో 6 పాచికలు, నూటికి 67 సార్లు ఒక 6 అయినా కనిపిస్తుంది. ఇద్దరికీ 6 పడితే మాత్రం పోరు అంకె (పోరాట నేర్పుకి పుస్తకం ఆ బొమ్మకిచ్చిన అంకె) ఎక్కువున్న ఎల్ఫ్‌దే గెలుపు. అయినా ఫరవాలేదు. వాడు ఒక్కసారి ఓడి, వెనక్కి జరగడానికి చోటు లేకపోతే నీ దెబ్బలు రెట్టింపవుతాయి. ముసలాయన చెప్పిన "యెనకాల" ఇదే. నీ మేక వెనక ఇంకో మేక ఉండాలి, పులి వెనక ఖాళీ ఉండకూడదు.

ఇంకో సంగతి, ఇది చదివి నాకు చాలా జాలేసింది. సైన్యంలో సగానికి మించి పోతే మిగిలినవాళ్ళకి ధైర్యం పరీక్ష. గోబ్లిన్ నిలబడాలంటే రెండు పాచికలు కలిపి 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావాలి, అంటే 36కి 15 మాత్రమే. సగానికి పైగా పారిపోతారు. కానీ వాళ్ళ నాయకుడు పరీక్ష నెగ్గి 6 అంగుళాల లోపు ఉంటే, చుట్టూ ఉన్నవాళ్ళు పరీక్ష లేకుండానే నిలబడతారు. నువ్వు ఆ నాయకుణ్ణి మొదటి వరసలో పెట్టి ముందే పోగొట్టుకున్నావు. చిన్నవాళ్ళని ముందుకు నెట్టి పెద్దవాడు వెనక దాక్కోవాలని కాదు నాయనా, వాళ్ళ మధ్యలో ఉండాలని. భయపడేవాళ్ళకి కావలసింది పక్కన ఒక మనిషి. ఇంట్లోనైనా బడిలోనైనా అంతే.

"రాక్షసుల పక్షం ఆడితే పాపమా" అని చెల్లెలు అడిగింది కదా. మా వైపు తోలుబొమ్మలాటలో రావణుడి బొమ్మ ఆడించేవాడు గొంతు చించుకుని, పాదాలతో చెక్క మోగించి మరీ ఆడిస్తాడు. రావణుడు నీరసంగా ఉంటే రాముడి గెలుపు ఎవరు చూస్తారు? ఆటలో ఒప్పుకున్న పక్షాన్ని మనస్ఫూర్తిగా ఆడాలి. ఓడిన స్నేహితుణ్ణి వెక్కిరిస్తే మాత్రం అది తప్పు.

బాణాల సంగతీ మాయల సంగతీ నేను రాయను, అవి నీకే బాగా తెలుసు. ఈ కాగితం వెనక పులి-మేక బోర్డు గీశాను. దాన్ని చూసి మేడ మీద ముగ్గుపిండితో పెద్దగా గీసుకో, అమ్మనడిగి గుప్పెడు చింతపిక్కలు తీసుకో. ముందు ఒక పులిని నడిమధ్యలో పెట్టి, ఎటూ కదలకుండా, ఎటూ దూకకుండా కట్టడానికి ఎన్ని పిక్కలు పట్టాయో లెక్కపెట్టు. తర్వాత అదే పులిని మూలకి జరిపి మళ్ళీ లెక్కపెట్టు. ఆ రెండు అంకెలూ రాసుకుని, అప్పుడు నీ బల్ల మీద గోడలూ రాళ్ళూ ఎక్కడెక్కడ ఉన్నాయో చూడు. రాత్రికి ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

మీ తాతయ్య