కారు సీటు కవర్లు: అపోహలు - వాస్తవాలు

షాపులో అందరూ మొదట అడిగేది రంగు, ఆ తర్వాత రేటు. ముందు చూడాల్సింది మాత్రం సీటు పక్కభాగం. ముందు సీటు వీపుకి, తలుపు వైపు అంచున ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న ట్యాగ్ కుట్టి ఉందా? ఏ కవరు కొనాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

అపోహ: ఎయిర్‌బ్యాగ్ ఉండేది స్టీరింగులో కదా, సీటు కవరుతో దానికేం పని?

వాస్తవం: ఆరు ఎయిర్‌బ్యాగుల కార్లలో సాధారణంగా ముందు సీట్లు రెండింటిలోనూ చెరో బ్యాగు దాగి ఉంటుంది. పక్కనుంచి బండి గుద్దితే అది సీటు కుట్టు చీల్చుకుని రెప్పపాటులో బయటికి రావాలి. పైన మందపాటి రెగ్జిన్ గట్టి కుట్టుతో బిగిసి ఉంటే ఆలస్యమవుతుంది, లేదా దారి తప్పుతుంది. ‘ఎయిర్‌బ్యాగ్ కంపాటిబుల్’ అన్న లేబుల్ చూసి నమ్మకండి. కవరు తిరగేసి చూడండి. ఆ చోట తేలిగ్గా తెగే దారంతో కుట్టి ఉండాలి, లేదంటే ఆ భాగం పూర్తిగా తెరిచి ఉండాలి. బిగించేటప్పుడు కుడి, ఎడమ కవర్లు తారుమారైతే ఆ తెరిచిన భాగం గేరు వైపుకి పోతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

అపోహ: నప్పా అంటే అసలు తోలు.

వాస్తవం: మార్కెట్లో ఆ పేరుతో చవగ్గా అమ్మే సెట్లు దాదాపు అన్నీ పీవీసీ, లేదా పీయూ, అంటే ప్లాస్టిక్ పూత వేసిన కృత్రిమ తోలు. కత్తిరించిన ముక్క అడిగి వెనక చూడండి: అల్లిక బట్ట కనిపిస్తే కృత్రిమం, నూగులాంటి పీచు ఉంటే తోలు కావచ్చు. కృత్రిమం కొనడం తప్పు కాదు, తెలిసి కొనాలి. పీవీసీ మొండిది, నీళ్లు పీల్చదు, కానీ ఎండకు కాలుతుంది. పీయూ మెత్తన; నాసిరకమైతే తేమకు పొర లేచి పొట్టు రాలుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఈ బెడద ఎక్కువ. పగలంతా ఎండలో నిలిచే కారుకి మా ఓటు బట్ట కవరుకే.

అపోహ: ఫోమ్ ఎంత మందమైతే అంత సుఖం.

వాస్తవం: 10-12 మి.మీ. ఫోమ్ వేస్తే సీటుకున్న ఒంపులు పూడిపోతాయి, నడుముకి ఆసరా తగ్గుతుంది. వెంటిలేటెడ్ సీట్లకైతే (లోపలి ఫ్యానుతో గాలి వచ్చేవి) ఇంకా నష్టం: ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, వీపుకి గాలి తగలదు. చిల్లుల రెగ్జిన్ వేశామంటారు. చిల్లులు పై పొరకే పరిమితమైతే ఏం లాభం? కవరు వెనక అరచేయి పెట్టి ముందునుంచి ఊదండి. గాలి తగలకపోతే వద్దు.

అపోహ: బకెట్ ఫిట్టింగుకి (సీటు ఆకారానికి అతికినట్టు కవరు బిగించడం) సీటు విప్పడం బోల్టుల పనే.

వాస్తవం: సీటు కింద పసుపు కనెక్టరు ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే దాన్ని ముట్టుకోవాలి. కనెక్టరు ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. చాలా కార్లలో స్కానర్ పెట్టి కారు కంప్యూటర్లో నమోదైన ఆ లోపాన్ని చెరిపేదాకా పోదు. డబ్బులిచ్చేముందు సీటు ముందుకీ వెనక్కీ పూర్తిగా జరపండి, హుక్కులు పట్టాల్లో చిక్కుకోకూడదు. వెనక బెల్టు బకిల్సు, పిల్లల సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు కవరు కింద పడిపోలేదని చేత్తో తడిమి చూసుకోండి. ఖాళీ సీటుకే బెల్టు బీప్ మోగుతుంటే కవరు అతిగా బిగించి సెన్సరుని నొక్కుతున్నారేమో చూడమనండి.

అపోహ: కంపెనీ పాలిథీన్ తీయకపోతే సీటు కొత్తగా ఉంటుంది.

వాస్తవం: కింద తేమ చిక్కి బూజు వాసన వస్తుంది. డెలివరీ రోజే తీసేయండి.

అపోహ: పాలిష్ కొడితే ఎక్కువ కాలం మన్నుతుంది.

వాస్తవం: సిలికాన్ పాలిష్‌తో వచ్చేది మెరుపు, దాంతోపాటు జారుడు. శానిటైజరు, థిన్నరు పైపూతని తినేస్తాయి. షాంపూ నీళ్లలో ముంచి పిండిన గుడ్డ, వెంటనే పొడిగుడ్డ చాలు. తలనూనె పట్టి రెగ్జిన్ బిరుసెక్కి పగిలేది హెడ్‌రెస్ట్ దగ్గరే. అక్కడ ఓ నూలు తువ్వాలు వేసి, వారానికోసారి ఉతకండి.