ఇండోనేషియా పల్లె తీరంలో భూమి: అపోహలు - వాస్తవాలు

ఇండోనేషియాలోని లోంబోక్ దీవి దక్షిణ తీరంలో స్థలం కొనాలనుకునే మనవాళ్ల కాగితాలు చూసిపెట్టడం నా పని. ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది మొదటి మాట ఒకటే. "అన్నా, స్థలం చూసేశాం. అక్కడ మా డ్రైవర్ పేరు మీద రాయించేద్దాం. బంగారంలాంటి మనిషి." అది వినగానే నా గుండె జారిపోతుంది. అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసినవాళ్లే ఎక్కువ.

అపోహ: స్థానికుడి పేరు మీద కొని, వెనకాల అగ్రిమెంట్లు రాయించుకుంటే భూమి మనదే.

కాదు. 1960 నాటి ఇండోనేషియా భూచట్టం 21వ అధికరణ ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, ఆ దేశ పౌరులకే. 26వ అధికరణ ఇంకా కఠినం. నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ ఆ హక్కు విదేశీయుడికి చేరేలా ఏం రాసుకున్నా చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు వెనక్కి అడగడానికీ లేదు. మన ఏజెన్సీ (గిరిజన) ప్రాంతాల్లో 1/70 చట్టం తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గిరిజనుడి పేరున బినామీగా భూమి పెట్టుకున్నవాడి గతే ఇక్కడ మనదీ.

"ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు" అంటాడు బ్రోకర్. చాలామంది చేస్తారు, నిజమే. గొడవ రానంతకాలం ఎవరూ అడగరు, అదీ నిజమే. కానీ గొడవ వచ్చిన రోజు కోర్టు చూసేది చట్టాన్ని.

దుబాయ్‌లో ఉద్యోగం చేసే ఒక తెలుగు జంట సెలోంగ్ బెలానాక్ వైపు స్థలం ఇలాగే కొన్నారు. వాళ్ల ఫైలు నా టేబుల్ మీద విప్పాను. ఆకుపచ్చ అట్ట సర్టిఫికెట్, లోపల హక్కుదారు పేరు దగ్గర ఆ స్థానికుడి పేరొక్కటే. కింద ఒక అప్పు పత్రం, రద్దు చేయడానికి వీల్లేని పవర్ ఆఫ్ అటార్నీ, "ఈ భూమి అసలు నాది కాదు" అని అతను సంతకం పెట్టిన ఒప్పుకోలు. మూడింటి మీదా ఒకటే తేదీ. అప్పు మొత్తం భూమి ధరకు అణా పైసలతో సహా సరిపోయింది. వడ్డీ లేదు, గడువు లేదు. కొనుగోలును దాచడానికి రాసిన కాగితాలని ఏ జడ్జికైనా ఇట్టే తెలిసిపోతుంది. మనల్ని కాపాడుతుందనుకున్న ఆ ఒప్పుకోలే మనకు ఎదురు సాక్ష్యం.

ఆ మనిషి నిజంగానే మంచివాడు. గుండెపోటుతో పోయాడు. మనిషి పోతే అతనిచ్చిన పవర్ కూడా పోతుంది. భార్యకు, అన్నదమ్ములకు ఈ ఏర్పాటు సంగతే తెలియదు. వాళ్ల దృష్టిలో అది చనిపోయిన మనిషి ఆస్తి, పిల్లలకు చెందాల్సింది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. వాళ్ల ఇంటిముందు బెరుగాక్ (స్తంభాల మీద కప్పున్న అరుగు) మీద కూర్చుని, కాఫీలు తాగుతూ నెలల తరబడి మాట్లాడాక, మళ్లీ కొంత డబ్బు తీసుకుని లీజు రాసిచ్చారు. కోర్టుకెళ్లి ఉంటే ఆ జంటకు అదీ దక్కేది కాదు.

మరి దారి? ఇల్లు కట్టుకుని ఉండాలనుకునే మామూలు కుటుంబానికి నేను చెప్పేది లీజు, అంటే హక్ సెవా. ఇక్కడ సాధారణంగా 25, 30 ఏళ్లకు రాస్తారు. "లీజంటే అద్దెకున్నట్టే కదా" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. కానీ ఇండోనేషియా సివిల్ కోడ్ ప్రకారం యజమాని చనిపోయినా, భూమి ఇంకొకరికి అమ్మినా లీజు నిలుస్తుంది. బినామీ కాగితాలు కూలిపోయేది సరిగ్గా అక్కడే. నోటరీ ముందు రాయించండి. భూమి దంపతుల ఉమ్మడి ఆస్తి అయితే ఇద్దరి సంతకాలూ ఉండాలి. పొడిగింపు తనంతట తాను రాదు కాబట్టి, అప్పటి ధర ఎలా కట్టాలో ఇప్పుడే రాసుకోండి. "అప్పటి మార్కెట్ రేటు" అని వదిలేస్తే మీ ఇంటికి మీరే బేరమాడాల్సి వస్తుంది.

నివాస పర్మిట్ ఉన్నవాళ్లకు హక్ పకాయ్, అంటే వాడుకునే హక్కు, ఉంది. ప్రభుత్వ భూమి మీదైతే మొదట 30, పొడిగిస్తే 20, పునరుద్ధరిస్తే 30, కలిపి 80 ఏళ్ల వరకు. ఇళ్లకు ప్రాంతాన్ని బట్టి కనీస ధర నియమం ఉంటుంది. విదేశీ పెట్టుబడి కంపెనీ (పీటీ పీఎంఏ) పెట్టి హక్ గునా బంగునాన్ (భవనం కట్టుకునే హక్కు) తీసుకోవచ్చు గానీ, భూమి, భవనాలు కాకుండా 1,000 కోట్ల రూపయ్యాలు (ఇండోనేషియా కరెన్సీ) దాటిన పెట్టుబడి చూపాలి. నిజంగా వ్యాపారం చేసేవాళ్లకే అది.

ఇప్పటికే బినామీలో ఉన్నవాళ్లు దయచేసి భయపడకండి. కోపంతో ఆ మనిషిని బెదిరించడం, పోలీసుల దగ్గరికి పరిగెత్తడం అసలు వద్దు. అతను బతికుండగా, సంబంధం బాగున్నప్పుడే అతన్నే యజమానిగా నిలబెట్టి, భార్యను కూడా కూర్చోబెట్టి, మీ పేరున సరైన లీజు రాయించుకోండి. వాళ్లకు కొంత ముట్టజెప్పాల్సి వస్తుంది. ముట్టజెప్పండి.

అపోహ: పన్ను రసీదు, కెపాలా దేసా (ఊరిపెద్ద) సంతకం ఉంటే చాలు. పన్ను కట్టిన రసీదు యాజమాన్యం కాదు. ఊరిపెద్ద సంతకం పట్టా కాదు. భూమి కార్యాలయంలో (బీపీఎన్) సర్టిఫికెట్ సరిచూపించకుండా రూపాయి ఇవ్వకండి. హద్దులు పక్క పొలంవాళ్ల సమక్షంలో నడిచి చూడండి.

అపోహ: అల తగిలేచోటు దాకా కట్టుకోవచ్చు. 2016 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్లు చేరే హద్దు నుంచి కనీసం 100 మీటర్లు తీర రక్షిత మేర. పక్కవాడు కట్టాడన్నది మీకు అనుమతి కాదు.

అపోహ: టూరిస్ట్ వీసాతో హోమ్‌స్టే నడపొచ్చు. కూడదు. వీసా దుర్వినియోగానికి అయిదేళ్ల వరకు జైలు, 50 కోట్ల రూపయ్యాల వరకు జరిమానా చట్టంలో ఉన్నాయి. పల్లెలో ఎవరు ఏం చేస్తున్నారో అందరికీ తెలుసు.

అపోహ: ఈ తీరంలోని మండాలికాలో 2022లో మోటోజీపీ బైక్ రేసు వచ్చింది, ఇక ధరలు పెరగడమే. చెప్పే ధర పెరిగింది. అమ్మాలనుకున్న రోజు కొనేవాడు దొరకాలి కదా. పిల్లల చదువుకు కావాల్సిన డబ్బు ఇక్కడ పెట్టొద్దు.

అపోహ: సునామీ అంతా సుమత్రా వైపే. 1977 ఆగస్టులో సుంబా దీవికి దక్షిణాన వచ్చిన భూకంపంతో లేచిన సునామీ ఈ దక్షిణ తీరాన్నీ కొట్టింది. 2018 భూకంపాల్లో ఉత్తర లోంబోక్‌లో వందలమంది పోయారు. స్థలం చూసేటప్పుడే, ముసలి అమ్మానాన్నలు నడిచి ఎక్కగలిగే గుట్ట ఎంత దూరమో చూడండి.

చివరిగా డబ్బు సంగతి. భారత్‌లో రెసిడెంట్ అయితే ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకే, అదీ బ్యాంకు ద్వారానే పంపాలి. హవాలా మాట ఎత్తేవాడితో అక్కడితో ఆపేయండి. ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. లీజు కాపీ, బ్యాంకు రెమిటెన్స్ కాగితం మీ ఆడిటర్‌కు అదే ఏడాది ఇచ్చేయండి.